శరణార్థుల అశాంతి, పక్క బస్తీ టెన్షన్: హైదరాబాద్‌లో మానసిక, సామాజిక అండ ఎలా పనిచేస్తుంది?

క్లుప్తంగా: బాలాపూర్ చుట్టుపక్కల ఉంటున్న రోహింగ్యా శరణార్థుల మానసిక ఆరోగ్యం గురించి మాట వస్తే, కౌన్సెలింగ్ ఇప్పిస్తే సరిపోతుందనే అభిప్రాయమే ఎక్కువగా వినిపిస్తుంది. మయన్మార్‌లో చూసిన హింస ఒక్కటే వాళ్ళను కుంగదీయడం లేదు. ఇక్కడి కాగితాల భయం, పని దొరకని రోజులు, అద్దె బాకీ కూడా కుంగదీస్తున్నాయి. అందువల్ల ఈ సాయం నీళ్ళు, బడి, భద్రత దగ్గర మొదలవ్వాలి. పక్క బస్తీవాళ్ళను కలుపుకోని సాయం ఎక్కువ కాలం నిలబడదు.

రోహింగ్యా భాషలో మనసు బాగోలేదని చెప్పడానికి వాడే మాటల్లో రెండింటికి తెలుగువాళ్ళకు అర్థం చెప్పాల్సిన పని లేదు. ఒకటి చింత, రెండోది అశాంతి. పలికే తీరులో కొంచెం తేడా ఉంటుంది, అంతే. డిప్రెషన్, ట్రామా లాంటి డాక్టర్ల మాటలకు మాత్రం ఆ భాషలో నేరుగా సరిపోయే పదాలు దొరకవు. బాధ ఎక్కువైతే ఒళ్ళు నొప్పులనో, తల బరువెక్కిందనో, గుండె దడగా ఉందనో చెబుతారు. మన ఊళ్ళలోనూ అంతే కదా. గల్ఫ్ వెళ్ళిన కొడుకు నెలల తరబడి ఫోన్ చేయకపోతే ఏ తల్లీ ‘నాకు యాంగ్జైటీగా ఉంది’ అనదు. ‘అన్నం సయించడం లేదు, గుండె మీద బండ పెట్టినట్టుంది’ అంటుంది.

సాయం చాలాసార్లు ఇక్కడే దారి తప్పుతుంది. ఒక రోహింగ్యా తల్లి బస్తీ దవాఖానాకు వచ్చిందనుకుందాం. పక్కన పదేళ్ళ కొడుకు. వాడు గల్లీలో ఆడుకుంటూ దక్కనీ ఉర్దూ నేర్చుకున్నాడు, బడిలో నాలుగు తెలుగు ముక్కలు పట్టుకున్నాడు. తల్లికి ఆ రెండూ రావు. తలనొప్పి, నిద్ర లేదు అని వాడు చెబుతాడు. ఎప్పటి నుంచి అని డాక్టర్ అడిగితే, తల్లి కాసేపు ఆగి ఏదో అంటుంది. వాడు దాన్ని ‘చాలా రోజుల నుంచి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. బయట క్యూ ఉంది. నొప్పి మాత్రలు, బలానికి మాత్రలు రాసిస్తారు. ఊరు తగలబడిన రాత్రి తనకేం జరిగిందో ఏ తల్లీ కన్నకొడుకు నోటితో ఇంకొకరికి చెప్పించదు. ఆ గదిలో తప్పు చేసినవాళ్ళెవరూ లేరు. అయినా ఆమెకు కావాల్సింది దొరకలేదు. ఆ పిల్లాడి మీద వాడు మోయకూడని బరువు ఇంకొంచెం పడింది.

ఎవరు వీళ్ళు, ఇక్కడికెలా వచ్చారు

రోహింగ్యాల సొంత ప్రాంతం మయన్మార్ పశ్చిమ తీరంలోని రఖైన్ రాష్ట్రం. 1982 పౌరసత్వ చట్టంతో అక్కడ పుట్టి పెరిగినవాళ్ళే ఏ దేశానికీ చెందనివాళ్ళుగా మిగిలారు. 2012లో మతఘర్షణలు జరిగాయి. 2017 ఆగస్టులో సైనిక చర్య మొదలయ్యాక 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోకి పారిపోయారు. హైదరాబాద్‌లో ఉన్నది ఆరేడు వేల మంది అని తరచూ వార్తల్లో వచ్చే లెక్క. బాలాపూర్ రాయల్ కాలనీ, కిషన్‌బాగ్, హఫీజ్‌బాబానగర్, పహాడీ షరీఫ్ వైపు ఉంటారు. చాలామందివి ప్రైవేటు స్థలంలో అద్దె కట్టి వేసుకున్న గుడిసెలు. పాత ఇనుము, ప్లాస్టిక్ ఏరడం, కట్టడాల దగ్గర కూలి, మాంసం దుకాణాల్లో పని వీళ్ళ జీవనాధారం.

భారత్ 1951 శరణార్థుల ఒప్పందం మీద గానీ, 1967 ప్రోటోకాల్ మీద గానీ సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. టిబెటన్లను, శ్రీలంక తమిళులను ప్రభుత్వం నేరుగా చూసుకుంటుంది. రోహింగ్యాల విషయానికొస్తే ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ నమోదు చేసుకుని కార్డు ఇస్తుంది. ఆ కార్డును ప్రభుత్వం నివాస హక్కుగా గుర్తించదు. 2017 ఆగస్టులో కేంద్ర హోంశాఖ అక్రమ వలసదారులను, అందులో రోహింగ్యాలను కూడా, గుర్తించి వెనక్కి పంపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. దేశ భద్రత దీనికి కారణమని ప్రభుత్వం చెబుతోంది. రాజ్యాంగంలోని 21వ అధికరణ, అంటే ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకూ రక్షణ, పౌరులు కానివాళ్ళకూ వర్తిస్తుందని 1996లో చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2021లో రోహింగ్యాల కేసులో మాత్రం చట్టంలో చెప్పిన పద్ధతి ప్రకారం వెనక్కి పంపడానికి అడ్డు చెప్పలేదు. రోహింగ్యా కుటుంబాలు ఈ రెండు మాటల మధ్యే రోజులు నెట్టుకొస్తున్నాయి.

తెలుగువాళ్ళకు మయన్మార్‌తో, అంటే అప్పటి బర్మాతో, పాత అనుబంధం ఉంది. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలమంది పొట్ట చేతపట్టుకుని ‘రంగం’ వెళ్ళేవారు. రంగం అంటే రంగూన్. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు కొండలు, అడవులు దాటుకుంటూ నడిచి వచ్చారు. 1960లలో వ్యాపారాలను జాతీయం చేశాక మరో పెద్ద గుంపు తిరిగొచ్చింది. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది. వాళ్ళూ ఆస్తులు, అయినవాళ్ళను పోగొట్టుకునే వచ్చారు. అయితే దిగిన చోట వాళ్ళు పౌరులు. 60లలో వచ్చినవాళ్ళకు అప్పులు, ఇళ్ళు, ఉద్యోగాల పథకాలు ఉన్నాయి. అదే దేశం నుంచి పారిపోయి వచ్చినా, ఒక గుంపు ఒక తరంలో కుదురుకుంది. ఇంకో గుంపు పదేళ్ళు దాటినా కాలు కింద పెట్టుకోలేకపోతోంది. కష్టం తర్వాత దొరికిన చోటు ఎలాంటిదనేది ఎంత ముఖ్యమో ఈ పోలికలో కనిపిస్తుంది.

మనసును కుంగదీసేది ఏది?

చాలాకాలం పాటు నిపుణులు కూడా శరణార్థి బాధకు మూలం యుద్ధంలోనే వెతికారు. 2010లో కెన్నెత్ మిల్లర్, ఆండ్రూ రాస్ముసెన్ అనే పరిశోధకులు ఇంకో వైపు నుంచి చూడమన్నారు. చూసిన హింస ప్రభావంలో పెద్ద భాగం, ఆ తర్వాత రోజూ ఎదురయ్యే ఇబ్బందుల ద్వారానే మనసు మీద పడుతుందన్నది వాళ్ళ వాదన. తిండి, ఇరుకు గది, పని లేకపోవడం, చులకన మాటలు, రేపు ఏమవుతుందో తెలియకపోవడం అన్నీ అందులోకి వస్తాయి. ఆ తర్వాత ఎన్నో చోట్ల జరిగిన అధ్యయనాలు ఈ వాదనకు బలమిచ్చాయి.

రాయల్ కాలనీ గుడిసెలో ఇదెలా ఉంటుందంటే, రాత్రి పదిన్నరకు తలుపు చప్పుడవుతుంది. వచ్చింది పక్కింటామె, చక్కెర కోసం. అయినా లోపల ఉన్నాయన చేయి ముందుగా వెళ్ళేది ట్రంకు పెట్టెలో కవర్‌లో చుట్టి పెట్టిన కార్డు మీదికే. శరీరం ప్రమాదానికి సిద్ధమైపోతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, నిద్ర ఎగిరిపోతుంది. ప్రమాదం నిజంగా ముగిసిందని శరీరానికి తెలిస్తేనే ఈ స్థితి నెమ్మదిస్తుంది. కార్డు గడువు, దాడుల వార్తలు, వెనక్కి పంపేస్తారనే మాటలు ఉన్నంతకాలం ‘ముగిసింది’ అని చెప్పే కబురు రాదు. దీన్ని పాత జ్ఞాపకం తవ్వుకోవడం అనలేం. ఇవాళ్టి భయం ఇవాళే పుడుతోంది.

ఆస్ట్రేలియా సైకియాట్రిస్టు డెరిక్ సిలోవ్ దీన్ని ఐదు ఆసరాల లెక్కలో చెబుతారు. భద్రత, బంధాలు, న్యాయం, సమాజంలో ఒక స్థానం, బతుక్కి ఒక అర్థం. యుద్ధం ఈ ఐదింటినీ ఒకేసారి పడగొడుతుంది. మళ్ళీ నిలబెట్టగలిగితే చాలామంది మందులు లేకుండానే తేరుకుంటారు. వీటిలో ‘స్థానం’ గురించి మనం తక్కువ మాట్లాడతాం. సొంత పొలం, పడవ ఉన్న మనిషి, ఊళ్ళో తగవు తీర్చడానికి పిలిచే పెద్దమనిషి, ఇక్కడ సంచి భుజాన వేసుకుని చెత్త ఏరుతుంటే ఇంట్లో ఆయన మాటకున్న విలువే మారిపోతుంది. ఆ అవమానం కోపంగా భార్యాపిల్లల మీదికి మళ్ళే ప్రమాదం ఉంది. పిల్లలు తండ్రికంటే ముందు ఈ ఊరి భాష నేర్చుకుని ఆయన తరఫున మాట్లాడటం మొదలుపెడితే అది ఇంకో దెబ్బ.

తప్పిపోయినవాళ్ళ సంగతి వేరే. చనిపోయారని తెలిస్తే నమాజు చదివి సాగనంపుతారు, ఏడ్చి తేరుకుంటారు. బతికున్నారో లేదో తెలియకపోతే ఏడుపుకు కూడా చోటుండదు. అమెరికా పరిశోధకురాలు పాలిన్ బాస్ దీన్ని తేలని నష్టంగా వర్ణించారు. కౌన్సెలర్ ఇక్కడ ‘మరిచిపో’ అని చెప్పకూడదు, ‘ఆశ పెట్టుకో’ అనీ చెప్పకూడదు. ఆ రెండింటితోనూ బతకడం ఎలాగో తోడుండి నేర్పాలి.

అలాగని శరణార్థులందరూ మానసిక రోగులనుకోవడం పెద్ద పొరపాటు. సంఘర్షణ జరిగిన ప్రాంతాల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన అంచనా 2019లో ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఏ సమయంలో చూసినా అక్కడి జనంలో 22 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని, తీవ్రమైనది 5 శాతం మందికని తేలింది. అంటే ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు బాధపడుతూనే రోగం అనే గీత దాటకుండా ఉన్నారు. వాళ్ళకు డాక్టర్ కంటే ముందు కావాల్సింది వేరే.

నాలుగు అంతస్తుల సాయం

ఐక్యరాజ్యసమితి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి 2007లో తెచ్చిన మార్గదర్శకాలు ఈ సాయాన్ని పిరమిడ్‌గా చూపిస్తాయి. అన్నిటికంటే కింద, అందరికీ అందాల్సినవి తిండి, నీళ్ళు, వైద్యం, భద్రత. దాని మీద కుటుంబం, బంధువులు, ప్రార్థన, బడి, ఆట. ఆ పైన కొద్దిమందికి శిక్షణ పొందిన మామూలు మనుషులు ఇచ్చే ప్రత్యేక సాయం. కొసన సైకియాట్రిస్టు, మందులు. కింది అంతస్తును సరిగా కట్టకపోతే పైవాటి మీద భారం పెరుగుతుంది. గుడిసెల మధ్య దీపం లేని బాత్రూమ్‌కు రాత్రి వెళ్ళడానికి భయపడే అమ్మాయికి, ధైర్యం చెప్పే పది కౌన్సెలింగ్‌ల కంటే ఒక లైటు, లోపల వేసుకునే గడియ ఎక్కువ పనిచేస్తాయి. వాటిని మానసిక ఆరోగ్య ఖర్చుగా ఎవరూ రాసుకోరు గానీ అది మానసిక ఆరోగ్యమే.

మూడో అంతస్తులో గత పదిహేనేళ్ళలో మంచి అనుభవం కూడింది. గోవాలో డిగ్రీ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డిప్రెషన్‌కు సాయం చేయించిన ప్రయోగాలు ప్రపంచమంతా చదువుకున్న పాఠాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ‘ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్’లో వారానికి ఒకసారి గంటన్నర చొప్పున ఐదు సార్లు కూర్చుంటారు. ఊపిరిని నెమ్మదించడం, కొండలా కనిపించే సమస్యను ముక్కలు చేసి ఒక ముక్క పట్టుకోవడం, మానేసిన పనులు మళ్ళీ కొద్దికొద్దిగా మొదలుపెట్టడం, తోడు వెతుక్కోవడం నేర్పుతారు. సంఘర్షణ నీడలో ఉన్న పెషావర్‌లో దీన్ని పరీక్షించి 2016లో మంచి ఫలితాలు ప్రకటించారు. ఉగాండాలో దక్షిణ సూడాన్ శరణార్థి మహిళలకు ఇరవై, ముప్పై మంది చొప్పున కూర్చోబెట్టి రికార్డు చేసిన ఆడియోతో ఇలాంటి పాఠాలే వినిపించారు. రాయడం, చదవడం రాకపోయినా అడ్డం కాలేదు. రోహింగ్యా మహిళల్లో చాలామందికి చదువు లేదు కాబట్టి ఈ పద్ధతి హైదరాబాద్‌కు దగ్గరగా సరిపోతుంది.

చేయకూడని పని ఒకటి గట్టిగా చెప్పాలి. ఘటన జరిగిన వెంటనే మనుషులను కూర్చోబెట్టి మొత్తం చెప్పించే పద్ధతి ఒకప్పుడు వాడుకలో ఉండేది. దాన్ని వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మేలు కనిపించలేదు, కొందరికి కీడే జరగొచ్చు. సర్వేకు వచ్చిన విద్యార్థి, వీడియో తీసుకునేవాళ్ళు, దుప్పట్లు పంచే దాత ఒకరి తర్వాత ఒకరు ‘ఏం జరిగిందో చెప్పమ్మా’ అని అడగడం దాదాపు ఇలాంటిదే. దుప్పటి అవసరమున్న మనిషి కాదనలేదు కదా.

పక్క బస్తీ సంగతి

బాలాపూర్ అనగానే తెలుగువాళ్ళకు గుర్తొచ్చేది గణేశుడి లడ్డూ వేలం. ఆ ఊరి చుట్టూ ఉన్న కొత్త బస్తీల్లో పాలమూరు నుంచి వలస వచ్చిన కూలీలు, ఒడిశా, బీహార్ కార్మికులు, పాతబస్తీలో అద్దెలు కట్టలేక ఇటు జరిగిన కుటుంబాలు ఉన్నాయి. అంటే శరణార్థులకు చోటిచ్చింది కూడా పేదలే. ట్యాంకర్ వచ్చినప్పుడు బిందెల వరుస ఒకటే. పొద్దున అడ్డా మీద నిలబడే చోటూ ఒకటే. కాగితాలు లేని మనిషి వంద తక్కువకు ఒప్పుకుంటే పక్కనున్నవాడికి ఆ రోజు కూలి పోయే భయం. గుడిసె అద్దెకిచ్చిన యజమానికి పోలీసులు వచ్చి అడిగితే ఏమవుతుందోనని టెన్షన్. వాట్సాప్‌లో తిరిగే ఒక వీడియో ఈ చిరాకులన్నిటికీ ఒకే ముఖం తగిలిస్తుంది.

ఈ కోపం వెనక ఉన్న బాధ నిజమే. దాన్ని పట్టించుకోకుండా శరణార్థులకు మాత్రమే సరుకులు, డాక్టర్, ట్యూషన్ ఇస్తే ‘మాకేం లేదు, వాళ్ళకే అన్నీ’ అనే మాట పుడుతుంది. ఆ మాట మళ్ళీ శరణార్థి భద్రత మీదే పడుతుంది. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌లో దీని పెద్ద రూపం కనిపించింది. ఉఖియా, టెక్నాఫ్ ప్రాంతాల్లో స్థానికుల కంటే శరణార్థుల సంఖ్యే ఎక్కువైంది. కూలి రేట్లు తగ్గాయి, వంటచెరుకు కోసం కొండల మీద అడవి కరిగిపోయింది. 2018 నుంచి వంటగ్యాస్‌ను శరణార్థులకూ, చుట్టుపక్కల పేద కుటుంబాలకూ కలిపి ఇవ్వడం మొదలయ్యాక అడవి మీద ఒత్తిడి తగ్గింది. కట్టెల కోసం వెళ్ళే ఆడవాళ్ళకు దారిలో ఎదురయ్యే ప్రమాదాలూ తగ్గాయి. గ్యాస్ బండకు మానసిక ఆరోగ్యంతో ఏం పని అనిపించొచ్చు. భయం తగ్గింది, తగువు తగ్గింది. అదే పని.

ఉగాండాలో శరణార్థుల కోసం వచ్చే సాయంలో సుమారు 30 శాతం స్థానికుల బడులకు, బావులకు, ఆసుపత్రులకు వెళ్ళాలనేది నియమం. తమిళనాడులో ఇంకో తీరు. శ్రీలంక తమిళుల శిబిరాలకు రాష్ట్ర ప్రభుత్వమే నెలవారీ సాయం, చదువు ఇస్తుంది. శరణార్థులే 1984లో పెట్టుకున్న ‘ఆఫర్’ అనే సంస్థ తమవాళ్ళనే కౌన్సెలర్లుగా తయారుచేసుకుంది. భాష ఒకటే కావడం అక్కడ పెద్ద వరం. హైదరాబాద్‌లో రోహింగ్యాలకు ఆ వరం లేదు. మతం, కొంతవరకు దక్కనీ ఉర్దూ పాతబస్తీతో ఒక వంతెన వేశాయి. యెమెన్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరినవాళ్ళ బ్యారక్‌లే ఇవాళ్టి బార్కాస్ పేటగా మారాయి. పరదేశి పక్కింటివాడు కావడం ఆ ప్రాంతానికి కొత్తేమీ కాదు.

ఉన్నవి, అడ్డొస్తున్నవి

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షన్ ప్రభుత్వ మానసిక వైద్యం పొందే హక్కు ‘ప్రతి వ్యక్తికీ’ ఉందంటుంది. ‘ప్రతి పౌరుడికీ’ అనలేదు. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు, 2022 అక్టోబర్ నుంచి 14416 నంబర్‌లో పనిచేస్తున్న ప్రభుత్వ ఫోన్ కౌన్సెలింగ్ సేవ టెలీ మానస్ ఈ ఊళ్ళో ఉన్న ఆధారాలు. టెలీ మానస్‌లో తెలుగు, ఉర్దూ, హిందీ దొరుకుతాయి. పక్క బస్తీ కూలీకి ఇది ఇవాళే పనికొస్తుంది. ఉర్దూ వచ్చిన రోహింగ్యా యువకుడికీ పనికొస్తుంది, వాళ్ళమ్మకు మాత్రం రాదు.

బాలాపూర్ నుంచి ఎర్రగడ్డకు వెళ్ళాలంటే ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు పోయినట్టే. ఆ రోజు కూలి పోతుంది, దారిలో కాగితాలు అడుగుతారనే భయం ఉంటుంది. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025లో వచ్చిన కొత్త చట్టం, విదేశీయులను చేర్చుకుని వైద్యం చేసే ఆసుపత్రులు, చేర్చుకునే విద్యాసంస్థలు ఆ వివరాలు అధికారులకు ఇవ్వాలంటుంది. ప్రభుత్వం దృష్టిలో ఇది నమోదు ప్రక్రియ. వీసా లేని మనిషికి మాత్రం ఆసుపత్రి మెట్లెక్కడమే ప్రమాదంగా తోస్తుంది. జబ్బు ముదిరాక వస్తారు, లేదా రారు. అదే ఏడాది అమెరికా విదేశీ సాయాన్ని బాగా కోసేయడంతో ఐరాస శరణార్థి సంస్థ ప్రపంచమంతటా సిబ్బందిని, కార్యక్రమాలను తగ్గించుకుంది. ఇలాంటి కోతల్లో ముందు పోయేవి ఆటస్థలం, మహిళల గుంపు, దుబాసీ జీతం లాంటివి. లెక్కల్లో చిన్నవిగా కనిపిస్తాయి, పిరమిడ్‌లో రెండు, మూడు అంతస్తులు నిలబడింది వాటి మీదే.

ఖర్చు పరంగా చూస్తే హైదరాబాద్‌లో మొదట చేయదగ్గది దుబాసీల ఏర్పాటు. ఉర్దూ బాగా వచ్చిన రోహింగ్యా అమ్మాయిలు, అబ్బాయిలు ఇప్పుడు ఇరవైల్లో ఉన్నారు. కొందరు ఇక్కడే పెరిగారు. విన్నది గడప దాటించకూడదని, చెప్పినదానికి తమ మాట కలపకూడదని, తల్లులతో మాట్లాడేటప్పుడు ఆడవాళ్ళే ఉండాలని వాళ్ళకు నేర్పాలి. వారంలో రెండు రోజులు, తెలిసిన సమయంలో, బస్తీ దవాఖానాలో కూర్చోబెట్టాలి. వాళ్ళకు చట్టబద్ధంగా జీతం ఎలా ఇవ్వాలనే చిక్కు ఉంది, దానికి దారి వెతకక తప్పదు. అదే గదిలో అదే రోజుల్లో పక్క బస్తీ ఆడవాళ్ళకూ తెలుగులో, ఉర్దూలో వినే మనిషి ఉంటే, ఆ గది ‘బర్మావాళ్ళ గది’ అనే పేరు పడకుండా ఉంటుంది. అప్పుడు ఆ పదేళ్ళ పిల్లాడు తల్లిని లోపలికి పంపి, బయట అరుగు మీద కూర్చుని తన హోంవర్క్ తాను చేసుకోవచ్చు.